వెతికి పంపిన మాట

పాలు కాగడానికి ఇంకా కాస్త వ్యవధి ఉందని అతను స్టవ్ పక్కనే నిలబడి ఫోన్‌లో వేలు జరుపుతున్నాడు. ఉదయిస్తున్న సూర్యుడి ముందు ఎగిరే కొంగల బారు వచ్చింది. అది మొన్ననే పంపాడు. తర్వాత మంచుబొట్టుతో గులాబీ. పువ్వు ముద్దుగా ఉంది గానీ కింద రాసిన మాటలో పస లేదు. ఆ తర్వాత సముద్రం ఒడ్డున ఇసుకలో పాదముద్రలు, వాటి మీద తెల్లటి అక్షరాలు. ‘వెనక ఎవరూ రావడం లేదని దిగులుపడకు. నడిచిన దారే నీకు తోడు.’ పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. ఇది బాగుందనుకున్నాడు. అనుకుంటుండగానే పాలు పొంగి స్టవ్ మీద పడి చుయ్యిమన్నాయి.

ఒక చేత్తో గుడ్డ పట్టి తుడుస్తూనే రెండో చేతి బొటనవేలితో పేర్లు ఎంచుకున్నాడు. షాపు వాళ్ళ గ్రూపు, చుట్టాల గ్రూపు, బడిలో కలిసి చదువుకున్నవాళ్ళ గ్రూపు. అవి కాక విడివిడిగా ఎందరో. గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి, ఎప్పుడో పన్ను పీకిన డాక్టరు, ఒకసారి పైపు బాగుచేసి మళ్ళీ కనబడని ప్లంబరు. ఆ డాక్టరు మొదట్లో ‘మీరు ఎవరండీ’ అని అడిగాడు. జవాబుగా ఇంకో గులాబీ రావడంతో అడగడం మానేశాడు. చివర్లో బావమరిది పేరు నొక్కి, అందరికీ ఒకేసారి పంపేశాడు.

షాపులో అందరూ అతన్ని ‘మంచిమాట’ అంటారు. ఎదురుగా గౌరవంగానూ, చాటున నవ్వుకుంటూనూ. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా సంతోషమే. అంతకుముందు జనం అతన్ని పిలిచిన పేరు ‘నత్తోడు’.

పుట్టుకతో వచ్చిన నత్తి అది. కొన్ని అక్షరాల దగ్గర గొంతు తలుపేసుకునేది. బడిలో హాజరు పిలిచినప్పుడు అతని నోరు పెగిలేలోపు పంతులుగారు తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవారు. ఆయన ఎదురుగానే కూర్చుని ఎన్నోసార్లు బడికి రానివాడయ్యాడు. చివరికి నిజంగానే మానేశాడు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే యంత్రం ముందు కూర్చునే పని దొరికింది. ఆ రొదలో మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ రాదు. అక్కడే నడుం వంగింది, అక్కడే జుట్టు నెరిసింది. ఏళ్ళు గడిచాక చేతికి ఫోన్ వచ్చింది. ఎవరో రాసిపెట్టిన వాక్యం, మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా ఎక్కడా తడబడకుండా, తన పేరు మీద నలుగురికీ చేరిపోతోంది. ఎవరో ఒకరు బొటనవేలు ఎత్తి చూపిస్తున్నారు. అతని మాటకు జనం తలూపడం అదే మొదలు.

టీ గ్లాసు చేతికి తీసుకునేసరికి ఫోన్ మోగింది. భార్య. కూతురికి రెండో కాన్పు అయితే సాయానికి వెళ్ళి నెల పైనే అయింది.

“లేచారా?”

“లే... లేచా.”

“నిన్నట్నుంచీ మా తమ్ముడికి చేస్తున్నా. ఫోన్ కలవట్లేదు. మీరు మాట్లాడుతున్నారా వాడితో?”

“రో... రోజూ.”

“ఎలా ఉన్నాడు?”

“బా... బానే.”

“ఆమధ్య ఆయాసం అన్నాడు. చూపించుకున్నాడా?”

“ఊఁ.”

అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆవిడ ఫోన్ భుజానికి ఆనించుకుని బిడ్డను సముదాయించి, మళ్ళీ మాట్లాడింది. “ఒక్కసారి వెళ్ళి కళ్ళారా చూసి రండి. వెళ్తా వెళ్తా అంటూనే ఉన్నారు. నేనక్కడుంటే మిమ్మల్ని ఇంతలా బతిమాలేదాన్నా చెప్పండి.”

“సా... సాయంత్రం వెళ్తాలే.”

ఫోన్ పెట్టేశాక టీ రుచించలేదు. రోజూ అన్న మాటలో అబద్ధం ఏముందని తనకు తాను చెప్పుకున్నాడు. రోజూ పంపిస్తూనే ఉన్నాడు కదా. కానీ ఊఁ అన్నది మాత్రం ఎటు తిప్పి చూసినా అబద్ధమే. డాక్టరుకు చూపించుకున్నాడో లేదో అతను అడగనేలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బావమరిదికి పంపినవన్నీ తీసి చూశాడు. ఇసుకలో పాదముద్రల పక్కన ఒకటే టిక్కు, ఇంకా చేరలేదన్న గుర్తు. నిన్నటి ఇంద్రధనుస్సు పక్కనా ఒకటే. మొన్నటి కొంగల పక్కనా ఒకటే. పైకి జరుపుకుంటూ పోయాడు. పోకూడదనుకుంటూనే పోయాడు. అక్కడ ఏముందో అతనికి తెలుసు.

బావమరిది లిఫ్టులు బాగుచేస్తాడు. చీకటి బావిలా ఉండే ఆ గూట్లోకి దిగి, తీగలకు గ్రీజు పట్టించి, తలుపుల మధ్య ఇరుక్కున్న మనుషుల్ని బయటకు లాగి, వాళ్ళను నవ్వించి పంపే రకం. నిరుడు అతని భార్య పోయింది. పిల్లలు లేరు. ఉన్న ఇల్లు ఖాళీ చేసి, ఊరికి అటు చివర ఒక పాత భవనంలో మూడో అంతస్తు గది అద్దెకు తీసుకున్నాడు. ‘జీవితమంతా లోకాన్ని లిఫ్టులెక్కించాను బావా, నాకు మాత్రం మెట్లే రాసిపెట్టాడు’ అని రాశాడప్పుడు. ఆ భవనంలో లిఫ్టు లేదు.

ఫోన్ తెర మీద నెల కిందటి మాటలు వచ్చి ఆగాయి.

‘బావా, ఈమధ్య మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది. రెండో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.’

కాసేపటికి ఇంకొకటి. ‘డాక్టరు దగ్గరికి పోవాలి. ఒక్కణ్ణే పోబుద్ధి కావట్లేదు.’

దాని కింద తను పంపింది. మంచు కొండ. కొన మీద జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి. ‘శిఖరం చేరాలనుకున్నవాడు మెట్లు లెక్కపెట్టడు.’

దాని కింద బావమరిది పంపిన నవ్వు మొహం, ఒక నమస్కారం.

ఆ రెండో మాట తనకు అర్థం కాలేదని అతను అనుకోవడానికి లేదు. అర్థమైంది. అర్థమయ్యాకే వెతకడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి, మెట్లు అని కొట్టి, వచ్చినవన్నీ చూసి, అచ్చంగా మెట్ల గురించే ఉన్నదాన్ని పట్టుకున్నాడు. సరిగ్గా అతికిందని మురిసిపోయాడు కూడా. ఆసుపత్రి అంటే చీటీలిచ్చే కిటికీ ముందు నిలబడాలి. పేరు చెప్పాలి. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటుంటే అక్షరం అక్షరం బయటికి లాగాలి. తన బావమరిది భార్య పోయినప్పుడు కూడా అంతే. ఒక్క ఓదార్పు మాట రాక, గోడకు ఆనుకుని కూర్చుని, కూర్చున్నట్టే లేచి వచ్చేశాడు. ఆ రోజు సాయంత్రం కొవ్వొత్తి బొమ్మతో ఒక పెద్ద వాక్యం పంపాకే అతనికి మనసు కుదుటపడింది. ఎవరి మనసు కుదుటపడిందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ మెట్ల రోజు తర్వాత బావమరిది ఇంక ఏదీ అడగలేదు. పొద్దున్నే ఒక నమస్కారం, అంతే. 

షాపులో వెనక గది ఎప్పట్లాగే తడితడిగా ఉంది. యంత్రం మీద సన్నగా నీళ్ళు జారుతుంటాయి. అరిగిన అద్దం పొడి ఆ నీళ్ళలో కలిసి తెల్లటి బురదలా పళ్ళెంలో పేరుకుంటుంది. గుండ్రటి అద్దాన్ని తీసుకుని, దాని నడిబొడ్డున చుక్క పెట్టి, యంత్రానికి బిగిస్తే, అది ఫ్రేము ఆకారానికి అంచులు కోసి ఇస్తుంది. చివర్లో చేత్తో సానరాయి మీద మెత్తగా తిప్పాలి. అంచు చర్మానికి గుచ్చుకోకూడదు. ఫ్రేమును వేడిగాలి మీద కాస్త మెత్తబరిచి అద్దాన్ని లోపలికి నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది. ఆ చప్పుడంటే అతనికి ఇష్టం.

ఈవేళ మొదటి జతకే చుక్క పక్కకు పెట్టాడు. అద్దం కోసేశాక గానీ చూసుకోలేదు. దాన్ని చెత్తలో పడేసి ఇంకొకటి తీశాడు. అదీ సాన మీద జారి అంచు పెచ్చు లేచింది. ముందు గదిలోంచి వచ్చిన కౌంటర్ అమ్మాయి చెత్తబుట్టలోకి చూసి, అతని మొహంలోకి చూసింది. అతన్ని బాబాయ్ అని పిలిచేది ఆ షాపులో ఆ అమ్మాయి ఒక్కతే.

“ఒంట్లో బాలేదా బాబాయ్?”

అతను తల అడ్డంగా ఊపి, ఫోన్ ఆ అమ్మాయి ముందుకు జరిపాడు. తెర మీద బావమరిది నంబరు ఉంది. “ఒ... ఒకసారి చెయ్యమ్మా. నే... నేను...”

ఎందుకు తను చేయలేడో చెప్పాల్సిన పని రాలేదు. ఎదురుగా మనిషి ఉంటే కొంత నయం, ఫోన్‌లో మాత్రం అతని మౌనాన్ని జనం లైను తెగిందనుకుని పెట్టేస్తారు. ఆ అమ్మాయి చేసింది. రెండుసార్లు చేసింది.

“స్విచ్చాఫ్ వస్తోంది. ఎవరు బాబాయ్?”

“మా... మా ఆవిడ తమ్ముడు. లి... లిఫ్టులు...”

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ఆ కంపెనీ పేరేంటని అడిగింది. అతను చెప్పాడు. “అది మన కాంప్లెక్సు లిఫ్టు వాళ్ళదే కదా” అంటూ బయటికి పరుగెత్తింది. లిఫ్టులో అంటించిన రిపేరు నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేసినట్టుంది. తిరిగొచ్చేసరికి నడక నెమ్మదించింది.

“మూడ్రోజుల కింద పనిలో పడిపోయారట. పెద్దాసుపత్రిలో చేర్పించి వచ్చారట. గుండె వార్డు.” ఆగి, అతని చేతిలోంచి అద్దం తీసి బల్ల మీద పెట్టింది. “మీరు వెళ్ళండి. అయ్యగారికి నేను చెప్తాను.”

అతను చెయ్యి తుడుచుకుంటుంటే, ఏదో ఒకటి అనాలన్నట్టు, “మీకు తెలీదా బాబాయ్? రోజూ అందరికీ పంపిస్తారు కదా” అంది. తప్పుగా అనలేదు. నిజంగానే అడిగింది. అతను చెప్పులు వెతుక్కున్నాడు.

ఆసుపత్రి కిటికీ దగ్గర అతను భయపడినట్టే అయింది. బావమరిది పేరులో మొదటి అక్షరమే అతనికి కొరకరాని కొయ్య. కిటికీ లోపలి మనిషి సాయం చేద్దామని ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు ఒక్కొక్కటే అందించాడు. ఒక్కటీ కాదు. వెనక ఎవరో గట్టిగా నిట్టూర్చారు. చివరికి పేరు బయటపడింది. అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. ఎవరూ నవ్వలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు. రెండో అంతస్తు అని చెప్పి ఆ మనిషి తర్వాతి వాళ్ళను పిలిచాడు. ఈపాటి దానికేనా నేను భయపడి రాంది, అనుకుంటూ అతను మెట్ల వైపు నడిచాడు.

బావమరిది మంచం కిటికీ పక్కన ఉంది. ముక్కుకు గొట్టం పెట్టారు. మొహం పీక్కుపోయింది, పాదాలు మాత్రం నీళ్ళు నింపిన సంచుల్లా ఉబ్బి దుప్పటి బయటికి వచ్చాయి. అతన్ని చూసి చెయ్యి కాస్త పైకెత్తాడు.

“రా బావా. ఏంటి, షాపు మూసేశారా?”

అతను మంచం అంచున కూర్చున్నాడు. “చె... చె... చెప్పలేదేం?”

“ఫోన్ చచ్చిపోయింది. చార్జరు గదిలో ఉండిపోయింది.” రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగుతున్నాడు. “అక్కకి చెప్పావా?”

“లే... లేదు.”

“మంచిపని చేశావు. పసిబిడ్డ దగ్గరుంది. హడావిడి పడిపోతుంది.”

ఇద్దరికీ మాట నడవడం లేదు. ఒకరికి గొంతు దగ్గర, ఇంకొకరికి ఊపిరి దగ్గర. పక్క మంచం ఆవిడ తన మనిషికి నారింజ తొనలు ఒలిచి పెడుతోంది. బావమరిది అటు చూసి, ఇటు తిరిగి, నవ్వు ఆపుకుంటున్నవాడిలా పెదవి బిగించాడు.

“ఒకటి చెప్తా, ఏమీ అనుకోవుగా? పోయిన వారం పరీక్షలు చేయించుకున్నా. వాళ్ళు కాగితం ఫోన్‌కి పంపామన్నారు. దిగదే. ఫోన్ నిండిపోయిందంటుంది. ఏముందా అని చూస్తే అంతా నువ్వే. సూర్యోదయాలు, కొంగలు, పూలు. వీధి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే తుడిచేసుకున్నా. సగం మధ్యాహ్నం పోయింది.”

నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా అతను వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. చొక్కా కింద ఎముకలు తగిలాయి. చెప్పాలని వచ్చిన మాట ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

“మె... మె... మె...”

బావమరిది ఎదురుచూశాడు. మొదట్నుంచీ వాడిది అదే పద్ధతి. పెళ్ళికి ముందు ఇతను మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, మంచినీళ్ళు కావాలని అడగడానికి తంటాలు పడుతుంటే, మామగారూ అత్తగారూ తలా ఒక మాట అందించబోయారు. గుమ్మంలో నిలబడ్డ పన్నెండేళ్ళ పిల్లవాడు మాత్రం కదలకుండా అతని పెదవుల వైపే చూస్తూ, వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చాడు. లోకంలో అతని మాటను అతని నోటి నుంచే వినాలని ఆగినవాడు ఆ ఒక్కడే. భార్య కూడా తొందరలో ఉంటే తనే పూర్తి చేసేస్తుంది.

“మెట్ల గురించి నువ్వు రా... రాసినప్పుడు. నే... నేను పంపింది.”

“ఆ కొండా? గుర్తుంది.”

చదవకుండా పంపానని చెప్పడం సులువు. ఆ మాట నాలిక మీదికి తడుముకోకుండా వచ్చింది కూడా. అతను దాన్ని మింగేశాడు. “వె... వె... వెతికి మరీ పంపాను.”

“వెతికావా?”

“చా... చాలాసేపు.”

బావమరిది పైకప్పు వైపు చూశాడు. కళ్ళ కొసల్లో ముడతలు పడ్డాయి. “అంతసేపు వెతికేబదులు బస్సెక్కుంటే వచ్చేసేవాడివి కదా బావా.”

నిష్ఠూరంగా అనలేదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడినట్టు, తేలిగ్గానే అన్నాడు. అందుకే అతనికి తల ఎత్తడం కష్టమైంది. బయటపడ్డ పాదాల మీదికి దుప్పటి లాగాడు. అది ఒక పాదం కప్పితే రెండోదానికి చాల్లేదు. ఆ రెండో పాదం మీద తన అరచెయ్యి వేసి కూర్చున్నాడు. వేళ్ళు తీస్తే చర్మం మీద గుంటలు పడి, నెమ్మదిగా పూడుకున్నాయి.

“రేపు కూడా వస్తావా?” అన్నాడు బావమరిది, కళ్ళు మూసుకునే.

“వ... వస్తా.”

“అయితే ఇప్పుడు పోయి చార్జరు పట్రా. అక్కతో నేనే మాట్లాడతా. నువ్వు చెప్పేసరికి దానికి కంగారొస్తుంది.” తలగడ కింద నుంచి గది తాళంచెవి తీసి ఇచ్చాడు.

వార్డు గుమ్మంలో నర్సు ఆపింది. “మీరు వాళ్ళ మనిషేనా? మూడ్రోజుల్నుంచీ ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంటే, ఉన్నారండీ, పనుల్లో ఉన్నారు అంటున్నాడు.”

“ఎ... ఎలా ఉంది?”

“గుండె బాగా బలహీనపడింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఒక నెల ముందు తీసుకొచ్చుంటే మందులతో నెట్టుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు చూడాలి.” అతని నంబరు అడిగి అరచేతిలో రాసుకుంది.

ఒక నెల. ఆ మాట అతనితోపాటు బస్సెక్కింది. అతనితోపాటే దిగింది.

ఆ భవనం అతను అనుకున్నదానికంటే పాతది. పక్కనున్న పంపు దగ్గర ఒకావిడ బట్టలు పిండుతోంది. అతని చేతిలో తాళంచెవి గుర్తుపట్టింది.

“పై గదికా? మీరేనా బావగారు?”

అతను తలూపాడు.

“అనుకున్నా. పొద్దున్నే ఈయన ఫోన్ టింగుమనేది. ‘మా బావ లేచాడు, ఇక నేనూ లేవాలి’ అంటూ దిగొచ్చేవాడు.” ఆవిడ బట్ట దులిపి తీగ మీద వేసింది. “ఎలా ఉన్నాడు?”

“చూ... చూడాలన్నారు.”

మెట్లు ఇరుగ్గా, నిటారుగా ఉన్నాయి. గోడ సున్నం భుజాలు రాసుకుని రాసుకుని నల్లబడింది. రెండో అంతస్తు మలుపుకు చేరేసరికి ఏ జబ్బూ లేని తనకే ఎగశ్వాస వచ్చింది. అక్కడ గోడవారగా ఒక చెక్క స్టూలు ఉంది, దాని మీద మడతపెట్టిన తువ్వాలు. మెట్లకు అడ్డంగా దీన్నెవరు పెట్టారా అనుకుంటూ తప్పుకుని ఎక్కుతుంటే, కిందనుంచి ఆవిడ గొంతు వినబడింది.

“ఆ స్టూలు తగిలేను, చూసుకోండి. అది ఆయనదే. పైకెళ్ళేటప్పుడు అక్కడ కూర్చుని సేదతీరేవాడు. ఎవరైనా తీసేస్తారేమోనని నేనే కాపలా.”

గదిలో పెద్దగా ఏమీ లేదు. చక్కగా పరిచిన పక్క, తాడు మీద రెండు పని చొక్కాలు, కిటికీలో బోర్లించిన గిన్నె, గోడకు పోయిన భార్య ఫొటో. చార్జరు తలగడ పక్కనే గోడకు వేలాడుతోంది. ఒక చొక్కా, ఒక లుంగీ, దువ్వెన కూడా సంచిలో పెట్టుకున్నాడు. రేపు వచ్చేటప్పుడు నారింజ పళ్ళు తేవాలనుకున్నాడు. నాలుగు రోజులు సెలవు అడగాలి. యజమాని ఇవ్వకపోతే ఇవ్వనీ. డిశ్చార్జి చేశాక ఈ మెట్లెక్కనివ్వకూడదు, తమ ఇంటికే తీసుకుపోవాలి, ముందు గది ఖాళీగానే ఉంది. ఇవన్నీ బావమరిదితో ఏ మాటల్లో చెప్పాలో అని తాళం వేస్తూ లోపల్లోపల చెప్పి చూసుకున్నాడు. మొదటిసారిగా అవి ఎవరో రాసిపెట్టిన మాటలు కావు. తడబడితే తడబడనీ, వాడు ఆగుతాడు.

మెట్లు దిగుతూ మలుపు దగ్గరికి వచ్చేసరికి జేబులో ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“ఇందాక వచ్చారు కదా, మీ పేషెంటు...” నర్సు గొంతు నెమ్మదిగా ఉంది. “మీరు వెళ్ళాక నిద్రపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. డాక్టరుగారు చేయాల్సిందంతా చేశారు. వింటున్నారా?”

అతను వింటున్నాడు. విన్నానని చెప్పడానికి నోరు తెరిచాడు. ఏ అక్షరమూ రాలేదు. ఆవిడ హలో హలో అని, లైను తెగిందనుకుని పెట్టేసింది.

కింద పంపు ఆగింది. బకెట్టు జరిపిన చప్పుడైంది. అతను ఎక్కడివాడక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. సంచిలోంచి చార్జరు తీగ బయటికి వేలాడుతోంది. దాన్ని చుట్టి లోపల పెట్టాడు. మళ్ళీ తీసి, ఇంకాస్త పొందిగ్గా చుట్టి పెట్టాడు. ఫోన్ తెర మీద ఎవరెవరో పొద్దుటి పాదముద్రలకు పంపిన పూలూ, చప్పట్లూ, బొటనవేళ్ళూ వరసగా వచ్చి ఉన్నాయి. పన్ను డాక్టరు కూడా ఒక నమస్కారం పెట్టాడు. వాటిని పక్కకు నెట్టి భార్య నంబరు దగ్గర ఆగాడు. రాసి పంపితే ఒక్క క్షణం పని. రాయడానికి అక్షరాలు తెర మీదికి వచ్చాయి కూడా. వేలు కాసేపు వాటి మీద తచ్చాడింది. అతను దాన్ని మూసేసి, ఫోన్ చేశాడు.

“ఆఁ, వెళ్ళారా? చూశారా వాణ్ణి? ఏం చేస్తున్నాడు?”

గొంతు దగ్గర తలుపు మూసుకుంది. అతను దాన్ని భుజం పెట్టి తోస్తున్నట్టు ముందుకు వంగాడు.

“చె... చె...”

అవతల పసిబిడ్డ ఏడుస్తోంది. ఎప్పుడూ మాట అందించే మనిషి ఈసారి అందించలేదు. ఏమండీ అని కూడా అనలేదు. ఆవిడ ఊపిరి మాత్రం వినబడుతోంది, ఆగి ఆగి.

మలుపు గోడలోని సన్నని కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు పడి, ఆ పాత చెక్క స్టూలు మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు, మనిషి కూర్చున్నంత మేర మధ్యలో నొక్కుకుపోయి, అలాగే ఉంది.